గడ ఎక్కే ముందు దిగడం నేర్చుకో

పోయిన వేసంగిలో మా వీధి చివర కొత్తగా కడతన్న ఇంటి కాడ ఒక కుర్రాడు పడ్డాడు. పదిహేడేళ్ళోడు. సెంట్రింగు కోసం నిలబెట్టిన ఇనప గొట్టం పట్టుకుని తలకిందులుగా వేలాడబోయాడు. ఎదురుగా ఇంకో కుర్రాడు ఫోను పట్టుకుని రీలు తీస్తన్నాడు. గొట్టం కదిలింది, చేతులు జారినై. ఇసక మీద పడ్డాడు కాబట్టి మణికట్టు విరిగి ఊరుకుంది. రెండడుగులు ఇవతల ఇటికల కుప్ప ఉంది. ఆ కుప్ప మీద పడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి వొచ్చాక చూడ్డానికి పోయా. వాళ్ళమ్మ ఏడస్తా తిడతంది: "ఆడోళ్ళు క్లబ్బుల్లో చేసే ఆటంట అక్కా, ఈడికెందుకు?" వాడేమో కట్టు కట్టిన చెయ్యి వొళ్ళో పెట్టుకుని మెల్లిగా అన్నాడు: "అక్కా, ఫోన్లో చాలా తేలిగ్గా ఉంది."

ఈ రెండు మాటలూ నా బుర్రలోంచి పోవడంలా. అమ్మ మాట తప్పు, కొడుకు మాట అంతకన్నా తప్పు. ఆ రెండు తప్పుల గురించే ఇది రాస్తన్నా. తమ్ముడూ, చెల్లెమ్మా, కాస్త ఓపిగ్గా చదవండి. చివరిదాకా చదవకండా మాత్రం ఏ గొట్టమూ పట్టుకోవద్దు.

నాకెట్టా తెలుసు అంటారా

నేను డాన్సరుని కాదు, జిమ్ము మొహం కూడా చూసినదాన్ని కాదు. పొలం పనీ, సంఘం పనీ, మీటింగులూ, ఈ రాతలూ ఇదే నా బతుకు. మూడేళ్ళ కింద ఒక పని మీద హైదరాబాదులో కొన్ని నెలలుండాల్సి వొచ్చింది. మా అక్క కూతురు అక్కడ ఉద్యోగం చేస్తది. సాయంకాలాలు పోల్ డాన్సు క్లాసుకి పోతంది. "పిన్నీ, ఊరికే కూర్చోకపోతే నువ్వూ రారాదూ" అని లాక్కుపోయింది. నలభై దాటిన మనిషిని, నా చుట్టూ ఇరవయ్యేళ్ళ పిల్లలు. సిగ్గుతో చచ్చిపోయా.

మొదటి రోజు నేర్పే అమ్మాయి గడ ఎక్కించలేదు. "ముందు దిగడం నేర్చుకోండి, ఎక్కడం తర్వాత" అంది. ఆ మాట నాకు బో నచ్చింది. రెండో వారం ఆ అమ్మాయి రాలేదు, బదులుగా వొచ్చినాయన హుషారు మీద ఉన్నాడు. ఒళ్ళు వేడెక్కకుండానే గడ పట్టుకుని ఊగమన్నాడు. ఊగా. కుడి భుజంలో చివుక్కుమంది. ఆరు వారాలు చెయ్యెత్తి జడేసుకోలేకపోయా. ఆరు వారాలు పోయాక మళ్ళీ మొదటి అమ్మాయి దగ్గరికే పోయి మొదట్నుంచీ మొదలెట్టా. ఈ ఆట గురించి నాకు తెలిసిందంతా ఆ భుజం నొప్పి నేర్పిందే.

గడ మనకి కొత్తా?

ఇంటికొచ్చి మా నాయనమ్మకి చెప్పా. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. "పోల్ డాన్సంటే ఏందే?" అంది. గడ పట్టుకుని ఎక్కడం, తిరగడం, వేలాడటం అని చెప్పా. నవ్వింది. "ఓసి పిచ్చిదానా, అది గడసాము గదంటే. దొమ్మరోళ్ళది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నా చిన్నతనాన బాపట్ల పక్కన మా ఊళ్ళోకి గడ వొచ్చేది. కోతలయ్యాక కళ్ళాల కాడ వెదురు గడ నిలబెట్టేవోళ్ళు. నాలుగు వైపులా తాళ్ళు లాగి కట్టేవోళ్ళు. డోలు మోగేది. ఆడమనిషి చీర గోచీ బిగించి చకచకా ఎక్కి, గడ కొసన పొట్ట ఆనించి, కాళ్ళూ చేతులూ చాపి గాల్లో గిర్రున తిరిగేది. కింద మేం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. అట్టా ఆడే మనిషిని పాత తెలుగులో గడసాని అన్నారు. అంటే ఇప్పుడు ముంబైలో, హైదరాబాదులో నెలకి వేలు కట్టి నేర్చుకునే విద్యకి మన భాషలో ఎప్పుడో పేరుంది. ఆ పేరు ఆడమనిషిదే.

ఇంకోటీ గుర్తొచ్చింది. ఆట అయిపోయాక గడెక్కిన మనిషి కూతురు, నా ఈడుదే, మా అరుగు కాడికొచ్చి మంచినీళ్ళడిగింది. మా ఇంట్లో గ్లాసివ్వలేదు. చెంబెత్తి పైనుంచి దోసిట్లో పోశారు. పోసింది నేనే. ఆ పిల్ల దోసిలి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఎనిమిదేళ్ళ పిల్ల అరచేతుల నిండా కాయలు కాసి ఉన్నై. గడ పట్టి పట్టి కాసిన కాయలు. హైదరాబాదులో మూడో నెలకి నా అరచేతుల్లో అవే కాయలు కాసినప్పుడు, చూసుకుని మా అక్క కూతురు మురిసిపోయింది: "పిన్నీ, నీకూ గ్రిప్పు వొచ్చేసింది!" నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ కాయలు నా చేతుల్లో ఉంటే ఫిట్‌నెస్సు, ఆ పిల్ల చేతుల్లో ఉంటే అంటు. ఇదేం న్యాయం?

మన బాపట్ల కూతవేటు దూరంలోనే స్టువర్టుపురం ఉంది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911 తర్వాత అది మన మద్రాసు రాజధానికీ వొచ్చింది. ఎరుకలోళ్ళని తెచ్చి ఆ సెటిల్మెంటులో పెట్టారు. ఊరూరా తిరిగి బతికే జాతులన్నిటినీ ఆ చట్టం అనుమానంగా చూసింది. 1952లో దాన్ని రద్దు చేశారు. కాయితం మీద రద్దయింది గానీ మన నాలిక మీద కాలేదు. ఇయ్యాల్టికీ "దొమ్మరి" అనే మాటని తిట్టుగా వాడతన్నాం, ఒక జాతి పేరు పట్టుకుని ఆడపిల్లల్ని తిడతన్నాం. ఆ కుర్రాడి తల్లి "క్లబ్బు ఆట" అన్నప్పుడు ఆమె నోట్లోంచి వొచ్చింది ఆ పాత చూపే. గడెక్కిన ఆడదాన్ని చూసి చప్పట్లు కొట్టడం, చీకటి పడ్డాక నోరు పారేసుకోవడం మన ఊళ్ళకి అలవాటే.

లోకంలో ఎక్కడెక్కడ

గడ ఎక్కే విద్య ఒక్క మనదే కాదు. మహారాష్ట్రలో మల్లఖంబం ఉంది. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలోనే మల్లస్తంభం ప్రస్తావన ఉందని చెబుతారు. మధ్యలో మరుగున పడ్డ ఆ విద్యని పీష్వా రెండో బాజీరావు కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ అనే వస్తాదు మళ్ళీ నిలబెట్టాడు. మల్లయోధులు కుస్తీ కోసం చేసే కసరత్తు అది. టేకు లాంటి గట్టి కర్ర నేలలో పాతతారు, కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నంగా ఉంటది. తాడు మల్లఖంబం కూడా ఉంది, పై నుంచి వేలాడే నూలు తాడు మీద చేస్తారు. 2013లో మధ్యప్రదేశ్ దాన్ని రాష్ట్ర క్రీడ చేసుకుంది. 2022 జూన్‌లో పంచకులాలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో పెట్టారు. ముంబై శివాజీ పార్కు కాడ దశాబ్దాలుగా పిల్లలకి నేర్పిన ఉదయ్ దేశ్‌పాండేకి 2024లో పద్మశ్రీ ఇచ్చారు.

చైనా సర్కసుల్లో నిలువు గడల మీద ఎగిరి దూకే ఆట వందల ఏళ్ళ నాటిది. రాయలసీమలో ఉట్ల పండక్కి జారుడు పూసిన మాను ఎక్కడానికి మగపిల్లలు పోటీ పడతారు. మన తాటి తోపుల్లో గీత కార్మికుడు మోకు నడుముకేసుకుని రోజుకి ఎన్ని చెట్లు ఎక్కి దిగుతాడో లెక్కేసుకోండి.

ఇంక పోల్ డాన్సు. విదేశాల్లో తాగుడు క్లబ్బుల్లో ఆడించారన్నది నిజమే, దాన్ని దాచక్కర్లేదు. ఆడోళ్ళే దాన్ని అక్కడ్నుంచి బయటికి తెచ్చి కసరత్తు చేసుకున్నారు, పోటీ చేసుకున్నారు. 2009లో అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ సమాఖ్య పుట్టింది. 2017లో ప్రపంచ క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంస్థ దానికి పరిశీలక హోదా ఇచ్చింది. ఒక ఆట ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరి చేతిలో ఉందన్నదే నాకు ముఖ్యం.

ఆ బట్టలేంది అని అడిగేవోళ్ళకి

పొట్టి నిక్కరు మీద గొడవ ఎప్పుడూ ఉండేదే. నేనూ మొదటి రోజు ప్యాంటేసుకునే పోయా. కాలుతో గడ పట్టుకోబోతే సర్రున జారిపోయా. ఇందులో సూత్రం ఒకటే: మనిషిని గడ మీద నిలబెట్టేది చర్మం పట్టే పట్టు. తొడ, మోకాలి వెనక, పిక్క, మోచెయ్యి మడత, ఇవి ఇనుముకి తగిలి రాసుకుంటేనే ఆగుతది. గుడ్డ మధ్యలో ఉంటే జారుతది. మల్లఖంబం ఆడే మగపిల్లలు గోచీతో ఆడేదీ అందుకే, వాళ్ళనెవరూ ఏమీ అనరు. ఆడపిల్ల నిక్కరేసుకుంటే మాత్రం ఊరంతా నీతులు.

అయితే మొదటి పాఠాలకి నిక్కరు కూడా తప్పనిసరి కాదు. నేల మీద నడక, చేతుల పట్టు, ఒక చుట్టు తిరగడం మోకాళ్ళ దాకా ఉండే నిక్కరుతో చేసుకోవచ్చు. లుంగీ, చీర, చున్నీ, వొదులు ప్యాంటు మాత్రం వొద్దు. కాలికి చుట్టుకుంటే పడేసేస్తై.

గడ ఎట్టాంటిది కావాలి

అసలు ప్రమాదమంతా ఇక్కడే మొదలైతది. పోటీల్లో వాడే గడ 45 మిల్లీమీటర్ల మందం స్టీలుదో ఇత్తడిదో ఉంటది. చెయ్యి చుట్టూ పోయి బొటనవేలు మిగతా వేళ్ళకి దగ్గరగా రావాలి, అదీ కొలత. మన షాపుల్లో ఒకటిన్నర ఇంచీ జీఐ పైపు అంటే బయటి మందం 48 మిల్లీమీటర్ల పైమాట, ఆడపిల్లల చెయ్యికి లావైతది. లావు గొట్టం పట్టుకుంటే ముంజేయి తొందరగా అలిసిపోయి ఉన్నట్టుండి వొదిలేస్తది.

మందం కన్నా ముఖ్యమైంది గడ ఎట్టా నిలబడిందన్నది. ఊగే మనిషి తన బరువు కన్నా ఎక్కువ బలంతో గడని పక్కకి లాగుతాడు. యాభై కిలోల పిల్ల ఊగితే గొట్టం మీద పడే లాగుడు యాభై కిలోలతో ఆగదు. అందుకని ఇవి గట్టిగా గుర్తు పెట్టుకోండి:

సెంట్రింగు గొట్టం వొద్దు. అది శ్లాబు బరువు మొయ్యడానికి నిలువుగా పెట్టింది, పక్కకి లాగితే జారతది. నువ్వు పడటమే కాదు, శ్లాబు కూడా కిందికొస్తది.

కరెంటు స్తంభం, వీధిలైటు గొట్టం, బోరు పైపు, రేకుల షెడ్డు స్తంభం, బస్టాపు గొట్టం, ఇయ్యేవీ వొద్దు.

తలుపు సందున బిగించే రాడ్డుతో వేలాడటం వరకే. ఊగడానికి కాదు.

ఆన్‌లైన్లో అమ్మే బిగింపు గడలు గట్టి శ్లాబు దూలం కింద, తెలిసినోళ్ళు బిగిస్తేనే నిలబడతై. రేకులకీ, పెంకులకీ, పీవోపీ సీలింగుకీ బిగించొద్దు.

సరుగుడు బాదు పాతి ఎక్కుదామనుకుంటారు, మన వైపు తోటలు ఎక్కువ గదా. పచ్చి బాదు ఎండేకొద్దీ చీలతది, పేళ్ళు లేస్తై. దాని మీద జారితే తొడ చీరుకుపోద్ది. మల్లఖంబం కర్రని నున్నగా చిత్రిక పట్టి ఆముదం రాసేది చర్మం ఒరుసుకుపోకుండా ఉండటానికే. స్టీలు గడకి దీనికి పూర్తిగా ఎదురు: నూనె చుక్క తగలకూడదు. పొద్దున తలంటుకుని, ఒంటికి కొబ్బరినూనె రాసుకుని సాయంత్రం గడెక్కితే కిందికే. ఉక్కకి చెయ్యి చెమట పడితే పౌడరు కొట్టుకునేరు, పౌడరు ఇంకా జారుస్తది. పొడి గుడ్డతో చెయ్యీ గడా తుడుచుకోండి, ఆగి ఆరబెట్టుకోండి.

ఎక్కే ముందు ప్రతిరోజూ ఇద్దరు పెద్దోళ్ళు గడని గట్టిగా లాగి, ఊపి చూడాలి. పిసరంత కదిలినా ఆ రోజు ఆట లేదు.

కింద మెత్తని చాప, గడ చుట్టూ ఆరడుగులు ఖాళీ. గోడ, బల్ల, ఇటికలు, మోటారు బండి ఏదీ ఉండకూడదు. వరిగడ్డి పరుపులు కాళ్ళు నేలకి దగ్గరగా ఉన్నంతవరకు పనికొస్తై గానీ పక్కకి జరిగిపోతై. వాటిని నమ్మి పైకి పోవద్దు. సూర్యలంక బీచిలో ఇసక ఉంది గదా అంటారు. తడిసి అణిగిన ఇసక గచ్చుకి ఏం తీసిపోదు.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మెళ్ళో గొలుసు, చేతి దారాలు, మొలతాడు అన్నీ తీసెయ్యాలి. జుట్టు పైకి ముడెయ్యాలి.

ముందు పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కాలి. ఉన్నచోటే పరుగు, భుజాలు ముందుకీ వెనక్కీ తిప్పడం, మణికట్టు తిప్పడం, నడుం, తొడలు. నా భుజం చివుక్కుమన్నది ఈ పదిహేను నిమిషాలు ఎగ్గొట్టినందుకే.

తర్వాత బలం. గడ ముట్టే ముందు కనీసం నెల రోజులు ఈ నాలుగూ చెయ్యండి. ఒకటి, గట్టి కొమ్మో రాడ్డో పట్టుకుని వేలాడటం. పది సెకన్లతో మొదలెట్టి ముప్ఫైకి రావాలి. రెండు, అట్టా వేలాడతానే మోచెయ్యి వంచకుండా భుజాలు చెవుల నుంచి కిందికి లాక్కోవడం. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఊరికే వేలాడితే బరువంతా భుజం కీలు మీద పడతది, భుజం కిందికి లాక్కుంటే వీపు కండ మోస్తది. మూడు, ముంజేతుల మీద పలకలాగా ఆగడం. నాలుగు, గుంజీలు. బళ్ళో తీయించినవే.

వరసగా రోజూ వొద్దు. ఒకరోజు చేస్తే ఒకరోజు ఆగాలి. కండ గట్టిపడేది ఆగినప్పుడే. కడుపుతో ఉన్నవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, బీపీ ఎక్కువున్నవాళ్ళు, భుజం ఎప్పుడైనా తప్పినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలెట్టొద్దు. నెలసరి రోజుల్లో చెయ్యాలా వొద్దా అన్నది నీ ఒళ్ళు చెప్పాలి, ఊరు కాదు.

మొదటి నాలుగు పాఠాలు

ఇవి చదివి నేర్చుకోవడానికి కాదు. నేర్పే మనిషి సరిగ్గా నేర్పుతున్నాడా లేదా అని మీకు తెలియడానికి రాస్తన్నా. ఏది చేసినా కుడివైపు ఎన్నిసార్లు చేస్తే ఎడమవైపు అన్నిసార్లు చెయ్యాలి, లేదంటే ఒళ్ళు ఒక పక్కకే బలపడి నడుం నొప్పి పట్టుకుంటది.

మొదటిది నడక. గడ కుడి పక్కన ఉంచుకుని కుడి చేత్తో తలకి కాస్త పైన పట్టుకో. బొటనవేలితో సహా ఐదు వేళ్ళూ గడ చుట్టూ ఉండాలి. భుజం కిందికి లాక్కో. ముని వేళ్ళ మీద గడ చుట్టూ నడువు, ఒంటి బరువు కొంచెం బయటికి వొదులు. ఎంత వొదిలితే చెయ్యి ఎంత మోస్తందో తెలుసుకోవడమే ఈ పాఠం. తేలిగ్గా ఉందని దాటెయ్యొద్దు.

రెండోది ఒక చుట్టు తిరగడం. అదే పట్టు. కుడి పాదం గడ మొదట్లో పెట్టి, ఎడమ కాలిని చాపి వెడల్పుగా గడ చుట్టూ విసిరి, కుడి పాదం మీద తిరిగి, ఎడమ పాదం నేల మీద మెల్లిగా ఆనించు. దబ్బున పడితే బరువు నీ చేతిలో లేదని లెక్క.

మూడోది రెండు చేతుల తిప్పు. దీన్ని ఫైర్‌మన్ తిప్పు అంటారు, మంటలార్పేవాళ్ళు గొట్టం మీంచి జారినట్టు ఉంటదని. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి రొమ్ము ఎత్తున. పై చెయ్యి లాగాలి, కింది చెయ్యి తొయ్యాలి. రెండు అడుగులేసి ఊపు తీసుకుని కుడి కాలు గడ ముందు, ఎడమ కాలు వెనక వేసి మోకాళ్ళ మధ్య గడని నొక్కు. తిరుగుతా కిందికి దిగి రెండు పాదాల మీద ఆగు. దీన్ని నున్నటి స్టీలు గడ మీదే చెయ్యాలి. వెదురు మీదా, తుప్పు గొట్టం మీదా చేస్తే చర్మం ఊడొస్తది.

నాలుగోది ఎక్కడం, అంటే ముందు దిగడం. ఒక కాలి ముంగాలు ఎముక గడకి అడ్డంగా ఆనించి పాదం పైకి వంచి కొక్కెంలా తగిలించు. రెండో కాలి పిక్క గడకి అవతలి నుంచి నొక్కు. రెండు మోకాళ్ళూ కత్తెర మూసినట్టు గడని నొక్కాలి. ఇట్టా నేలకి అడుగు ఎత్తులోనే నిలబడి పది లెక్కపెట్టు. తర్వాత చేతి కింద చెయ్యి వేసుకుంటా దిగు. సర్రున జారొద్దు, తొడలు కాలిపోతై. ఈ దిగడం పదిసార్లు తడబడకుండా వొచ్చాక ఒక మెట్టు పైకి. దిగడం ఎంత ఎత్తు దాకా వొచ్చో అంత ఎత్తే ఎక్కాలి. అంతకన్నా అరడుగు కూడా వొద్దు.

మొదట్లో తొడల మీద, పిక్కల మీద నల్లగా కమిలిపోద్ది. అది మామూలే, నాలుగైదు రోజుల్లో పోతది. అయితే కీలులో నొప్పి, చేతుల్లో తిమ్మిరి, చురుక్కుమనే పోటు మామూలు కాదు. అయి వొస్తే అక్కడే ఆపు. అలిసిపోయినప్పుడు "ఇంకొక్కసారి" అనొద్దు. చేతులు జారేది ఆ ఇంకొక్కసారికే.

తలకిందులు వొద్దే వొద్దు

రీళ్ళలో మీరు చూసేదంతా తలకిందులే. అది నెలల సాధన తర్వాత, పక్కన పట్టుకునే మనిషి నిలబడి, కింద మందం పరుపు వేసి, ఆ తర్వాత చేసేది. చేతులతో పట్టుకుని మోకాళ్ళు ఎగరెయ్యకుండా నెమ్మదిగా రొమ్ము దాకా ఎత్తలేనివాడు తలకిందులు కాకూడదు. నడుం కింద పడితే ఎముక విరుగుద్ది, అతుక్కుంటది. మెడ మీద పడితే జీవితం మంచం మీదే. రీలులో ముప్ఫై సెకన్లు కనపడతది. దానికి ముందు పడ్డ ఎన్నోసార్లు కోసేసి ఉంటారు. మా వీధి కుర్రాడు చూసింది ఆ కోసేసిన తర్వాత మిగిలిందాన్ని.

ఒంటరిగా ఎప్పుడూ చెయ్యొద్దు. తోడున్న మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, కళ్ళు నీ మీద ఉండాలి. జారుతున్నావనిపిస్తే చేతులు వొదిలెయ్యకుండా కాళ్ళు బిగించి జారు. తొడ కాలితే కాలింది, తల మిగులుద్ది.

ఎవరైనా తల మీదో మెడ మీదో పడితే లేపి కూర్చోబెట్టొద్దు. నీళ్ళు తాగించొద్దు. మోటారు బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవొద్దు. ఇది మన ఊళ్ళలో చేసే పెద్ద తప్పు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఉంచి, తల కదలకుండా రెండు పక్కలా చేతులు పెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

మరి నేర్పేదెవరు?

ఇక్కడే నా అసలు గొడవ. తెనాలిలోనూ రేపల్లెలోనూ ఉండే పిల్లలు ఇది నేర్చుకోవాలంటే హైదరాబాదు పోవాలి. పోలేనోళ్ళకి ఫోనే గురువు. ఫోను నువ్వు పడితే పట్టుకోదు.

2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా అయింది. జిల్లా అంటే కలెక్టరేటు బోర్డొకటే కాదు గదా. ఖేలో ఇండియాలో ఆడించే ఆటకి ప్రతి మండలం హైస్కూల్లో ఒక మల్లఖంబం కర్ర పాతొచ్చు, ఒక నూలు తాడు వేలాడదియ్యొచ్చు, నాలుగు మందం పరుపులు కొనొచ్చు. వీటికి కోట్లు అక్కర్లేదు. నేర్పేవాళ్ళని మహారాష్ట్ర నుంచి పిలిపించి మన పీఈటీలకి తర్ఫీదు ఇప్పించొచ్చు. ఆడపిల్లలకి విడిగా సమయం, ఆడ టీచరు ఉండాలి. ఇవి అడగండి. గ్రామసభలో అడగండి, అర్జీలో రాయండి. రీలు తియ్యడానికి ఉన్న హుషారులో సగం అర్జీ రాయడానికి పెట్టండి.

ఇంకో మాట. గడసాము వొంట్లో ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నై. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-ఏ కింద ఉన్నారు. ఆట చూసేవాళ్ళు లేక ఎప్పుడో గడ దించేసి, కూలికీ చిల్లర సరుకులమ్ముకోవడానికీ పోయారు. గడ ఎట్టా పాతాలో, తాడు ఎంత బిగించాలో, చిన్నపిల్లకి ఏ వయసులో ఏ పట్టు నేర్పాలో, పడబోయే మనిషిని కింద నిలబడి ఎట్టా పట్టుకోవాలో వాళ్ళ పెద్దోళ్ళకి తెలుసు. ఆ తెలివి వాళ్ళతోనే పోతంది. వాళ్ళని పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, జీతమిచ్చి మన పిల్లలకి నేర్పించమని అడగొచ్చు. అయితే వాళ్ళ పిల్లల్ని బడి మానిపించి మళ్ళీ గడెక్కించమని నేను అనడంలా. ఎక్కాలా వొద్దా అన్నది వాళ్ళ ఇష్టం. ఆకలికి ఎక్కడం వేరు, ఇష్టానికి ఎక్కడం వేరు.

ఆ కుర్రాడి కట్టు విప్పేశారు. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడంలా. మొన్న వొచ్చి, "అక్కా, మళ్ళీ చెయ్యొచ్చా?" అని అడిగాడు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తంది. వొద్దని చెబితే వాడు చాటుగా చేస్తాడు. చెయ్యమంటే ఆమె మొహం చూడలేను. ఇద్దరికీ వినపడేట్టు చెప్పా: "డాక్టరు చెయ్యి బాగైందన్నాక, ముందు మా పెరట్లో వేపకొమ్మ పట్టుకుని ముప్ఫై సెకన్లు వేలాడు. భుజం కిందికి లాగి. నేను లెక్కపెడతా. మీ అమ్మ కూడా వొచ్చి కూర్చుంటది. ఫోను ఇంట్లో పెట్టి రా."

వాళ్ళమ్మ కాసేపాగి, "ఆ కొమ్మ గట్టిదేనా అక్కా?" అని అడిగింది.

సరైన ప్రశ్న అదే. మీరు కూడా దేన్ని పట్టుకునే ముందైనా అదే అడగండి.